చక్రవర్తిగారి గాజు ముద్రలు



ట్రెజరీలో ముప్పై ఏళ్ళకు పైగా లక్క కరిగించి ఇత్తడి సీలు వేసినవాణ్ణి. ఆ అలవాటు వల్లనే కాబోలు, చైనా చక్రవర్తుల ముద్రల సంగతి చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాలేదు.

1696లో కాంగ్షీ చక్రవర్తి బీజింగులో ఆస్థానానికని గాజు కార్ఖానా పెట్టించాడు. దాన్ని నడిపింది కిలియన్ స్టుంఫ్ అనే జర్మన్ జెసూట్ ఫాదరీ. పాత్రలు, నస్యపు బుడ్లు, ముద్రలు గాజుతో మలిచేవారు. జేడ్ రాయంటే చైనావారికి ప్రాణం. కాని మేలురకం జేడ్ పడమటి కొసన ఖోటాన్ వైపు నుంచి రావాలి. 1759లో ఆ ప్రాంతం చేజిక్కేదాకా దాని రాక అంతంతమాత్రం. గాజయితే ఏ రంగు కావాలంటే ఆ రంగు తెప్పించవచ్చు, జేడ్‌లా కనిపించేట్టూ చేయవచ్చు.

చెక్కడమంటే ఉలితో కాదు. తిరిగే చక్రానికి ఇసుక, నీళ్ళు పెట్టి రాతిని అరగదీసినట్టే అరగదీయాలి. జేడ్ ఒక పట్టాన పగలదు. గాజు దానికన్నా మెత్తన, పైగా పెళుసు. పైన పిడిగా ఏ మృగాన్నో మలిచి, అడుగున అక్షరాలు తిరగేసి చెక్కాలి. చివరి అక్షరం దగ్గర పెచ్చు ఊడిందా, అంత పనీ గంగపాలే! ఆడిట్ అభ్యంతరానికి జవాబు రాసినట్టు ఇంకోసారి రాసుకునే వీలుండదు.

ముద్ర వేయడానికి వాడింది ఇంగిలీకం పొడి, నూనె, పీచు కలిపి నూరిన ఎర్రటి ముద్ద. ఆ నూనె ఏదనుకున్నారు? మన ఆముదమే.

కాంగ్షీ మనుమడు చియన్‌లాంగ్‌కు ముద్రల పిచ్చి. 1,800కు పైగా ఉండేవంటారు. నచ్చిన చిత్రపటం కనబడితే దానిమీదా ఒకటి గుద్దేవాడు. డెబ్భయ్యో ఏడు వచ్చిందని 1780లో ఒకటి, ఎనభై అని 1790లో ఇంకొకటి చేయించుకున్నాడు. తాతగారి 61 ఏళ్ళ పాలనను మించకూడదని 1796లో కొడుక్కి గద్దె అప్పగించాడు. మనలాగే రిటైరయ్యాడన్నమాట. అయితే ఆ హోదాకూ కొత్త ముద్ర చేయించుకుని, 1799లో పోయేదాకా పెత్తనం విడవలేదు.

ఆయన్ని తప్పుపట్టలేను. చార్జి అప్పగించిన రోజున రిజిస్టరులో సంతకం పెట్టి, ఇత్తడి సీలు అందిస్తుంటే నా వేళ్ళు ఒక్క క్షణం వదల్లేదు. కొత్తగా వచ్చిన కుర్రాడు గమనించి, "చివరిగా ఒకటి వేసివ్వండి సార్" అన్నాడు. ఖాళీ కవరు మీద వేసి ఇచ్చాను. ఆ కవరు నాకే తిరిగిచ్చాడు. ఇప్పటికీ బీరువాలో పెన్షను పుస్తకం కిందనే ఉంది.