కళాశాల వాకిట లెక్కలు: క్యూబెక్ భాషా చట్టం చెప్పే పాఠం

 

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో అధిక సంఖ్యాకులు ఫ్రెంచి భాషీయులు. చుట్టూ ఖండమంతా ఇంగ్లీషు వ్యాపించి ఉండగా తమ భాష నశిస్తుందేమోనన్న వారి భయం నిరాధారమైనది కాదు. ఆ భయంతోనే వారు 1977లో ఫ్రెంచి భాషా చట్టం చేసుకున్నారు. తల్లిదండ్రులలో ఒకరు కెనడాలో ఇంగ్లీషు మాధ్యమంలో ప్రాథమిక విద్య అభ్యసించి ఉంటే తప్ప, సాధారణంగా పిల్లలకు ఇంగ్లీషు బడిలో చేరే అర్హత పత్రం లభించదు. అయితే పదకొండవ తరగతి తరువాత చేరే ‘సెజెప్’ కళాశాలలలో మాత్రం భాషను ఎంచుకొనే స్వేచ్ఛ మిగిలింది.

2022లో వచ్చిన సవరణ చట్టం ఆ స్వేచ్ఛను కుదించింది. ఇంగ్లీషు కళాశాలల విద్యార్థులు మొత్తం విద్యార్థులలో 17.5 శాతం మించరాదు. ప్రవేశాలలో అర్హత పత్రం ఉన్నవారికే ప్రాధాన్యం. అది లేనివారు ఇంగ్లీషు కళాశాలలో చదివినా, పట్టా కోసం ఫ్రెంచి పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. వలస కుటుంబాల పిల్లలలో చాలామందికి ఆ పత్రమే ఉండదు.

మిత్రులారా, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు ఇందులో పరిచితమైన పద్ధతే కనిపిస్తున్నది. కళాశాలలను మూసివేస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు. శాతాలు, పత్రాలు, పరీక్షలే ఆ పని చేస్తాయి.

కెనడా రాజ్యాంగం అల్పసంఖ్యాకుల భాషలో విద్యకు హక్కు ఇచ్చింది. కాని ఆ హక్కు ప్రాథమిక, మాధ్యమిక దశలకే పరిమితం. కళాశాల దాని పరిధిలో లేదు. పైగా కొన్ని ప్రాథమిక హక్కులతో నిమిత్తం లేకుండా చట్టం చేసే వెసులుబాటు అక్కడి శాసనసభలకు ఉన్నది. ప్రభుత్వ పాఠశాలలలో కొత్తగా నియమితులయ్యే ఉపాధ్యాయినులు హిజాబ్ ధరించరాదన్న 2019 నాటి చట్టానికీ, ఈ భాషా చట్టానికీ అదే కవచమయింది.

మన రాజ్యాంగం 30వ అధికరణ మత, భాషా అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కు ఇచ్చింది. బడికీ కళాశాలకూ భేదం చూపలేదు. ఇది విలువైన రక్షణ. అయినా ఉర్దూ బడిలో ఉపాధ్యాయ పోస్టు ఖాళీగా ఉంటే, పిల్లలు తగ్గారంటూ తరగతి ఎత్తివేస్తే, ఆ అధికరణ దానంతటదే వచ్చి కాపాడదు.

కనుక జనగణన అధికారి మన ఇంటికి వచ్చినప్పుడు, ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయితే మాతృభాష ఉర్దూ అనే నమోదు చేయించండి. పాఠశాల రికార్డులోనూ అదే ఉన్నదేమో చూడండి. ఖాళీ పోస్టుల గురించి లిఖితపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. పిల్లలకు తెలుగు కూడా చక్కగా నేర్పండి. పొరుగువారి భాషను గౌరవించేవారి కోరికకు బలం ఎక్కువ.