ఇంటర్వ్యూలో మనం అడగవలసిన ప్రశ్నలు
(ఉపాధి అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్వ్యూ ముగిసేముందు సాధారణంగా ఒక మాట వినిపిస్తుంది: "మీరేమైనా అడగదలచుకున్నారా?" మన పిల్లల్లో చాలామంది "ఏమీ లేదు సార్" అని లేచి వచ్చేస్తారు. దానిని వారు వినయమనుకుంటారు. ఎదుటివారు మాత్రం ఆసక్తి లేకపోవడంగా భావించే అవకాశమే ఎక్కువ.

ఈ మౌనం ఊరికే రాలేదు. సంఘటిత రంగ ఉద్యోగాలలో ముస్లింల వాటా జనాభా నిష్పత్తికన్నా చాలా తక్కువని 2006లో సచార్ కమిటీ తేల్చింది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం ఒకే రకమైన అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశం బాగా తక్కువని తేలింది. పిలుపే అరుదైనప్పుడు, పిలిచినవారిని ప్రశ్నించడం కృతఘ్నతగా తోస్తుంది. ఇంట్లో పెద్దలు కూడా "దొరికిందే చాలు, నోరు మెదపకు" అని చెప్పి పంపుతారు.

ప్రభుత్వోద్యోగాలలో మత వివక్ష కూడదని రాజ్యాంగంలోని 16వ అధికరణ చెబుతోంది. ప్రైవేటు నియామకాలలో ఆ వివక్షను నిషేధించే సమగ్ర చట్టం నేటికీ లేదు. అటువంటి చట్టం కావాలని ప్రభుత్వాలను అడుగుతూనే ఉండాలి. అలాగే ఇంటర్వ్యూ గదిలో అడగవలసినదీ అడగాలి. ఉద్యోగం దానం కాదు. మన శ్రమకూ వారి వేతనానికీ మధ్య కుదిరే ఒప్పందం.

మొదట పని గురించి అడగండి. "చేరినవారు తొలి ఆరు నెలల్లో ఏమి సాధించాలని మీరు ఆశిస్తున్నారు?" "ఇది కొత్త పోస్టా, ఎవరైనా వెళ్లిపోగా ఖాళీ అయినదా?" "నా పనితీరును ఎవరు, దేనిని బట్టి అంచనా వేస్తారు?" ఏడాదిలో ముగ్గురు మానేసిన పోస్టు అయితే, ఆ సమాధానంలోని తడబాటే మీకు చాలా చెబుతుంది. "ఇదే స్థాయిలో చేరి పైకి ఎదిగినవారు ఉన్నారా?" అన్నది మరొక మంచి ప్రశ్న. కంపెనీ వెబ్‌సైటులో దొరికే సంగతులు అడిగి సమయం వృథా చేయకండి.

జీతం, షరతుల ప్రశ్నలు ఎంపిక చేశామని చెప్పిన తరువాత, సంతకానికి ముందు అడగండి. వారు చెప్పిన వార్షిక మొత్తంలో యజమాని చెల్లించే పీఎఫ్ వాటా కూడా కలిసి ఉందా, నెలకు చేతికి వచ్చేది ఎంత? సాధారణంగా 20 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలకు పీఎఫ్, 10 మంది, అంతకుమించి ఉన్నచోట నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తాయి. నియామక పత్రం రాతపూర్వకంగా ఇస్తారా? బాండు ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే ఎందుకని, ఎప్పుడు తిరిగి ఇస్తారని తప్పక అడగండి. 10 మంది, అంతకుమించి పనిచేసేచోట లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అది ఉందా అని అడగడం మన ఆడపిల్లల హక్కు.

జుమా నమాజు, హిజాబు విషయాలు కూడా ఆ దశలోనే మాట్లాడండి. మిమ్మల్ని కావాలనుకున్నాక మీ కోరికను మీ యోగ్యతతో కలిపి తూస్తారు. చేరిన తరువాత లేవనెత్తితే అదే తగవుగా మారవచ్చు. "శుక్రవారం మధ్యాహ్నం కొంత సమయం కావాలి; ఆ పనిని ముందుగానో తరువాతో పూర్తి చేయవచ్చా?" అని అడిగితే అది పనివేళల సర్దుబాటు అవుతుంది. ఒకవేళ వారే మీ మతం గురించో, పెళ్లి గురించో అనవసరంగా ఆరా తీస్తే, "ఈ వివరం ఉద్యోగానికి ఏ విధంగా అవసరమో తెలుసుకోవచ్చా?" అని శాంతంగా అడగండి.

అడిగితే ఉద్యోగం చేజారుతుందేమో అన్న భయం అబద్ధం కాదు. ఇల్లు గడవవలసిన స్థితిలో లోపాలున్న ఉద్యోగంలోనూ చేరవలసి రావచ్చు. అయితే తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక చిక్కుకోవడం వేరు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. సంబంధం కలుపుకునే ముందు పది ఇళ్ల దగ్గర విచారిస్తాం. మేలుకొని ఉన్న వేళలో సగం గడపబోయే చోటు గురించి మాత్రం ఒక్క మాటా అడగవద్దని పిల్లలకు చెబుతాం. ఈ అలవాటు మార్చుకుందాం. ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి మీరే యజమాని స్థానంలో కూర్చోండి. మీ బిడ్డ చేత మూడు ప్రశ్నలు కాగితంపై రాయించి, కళ్లలోకి చూస్తూ అడగమనండి. ఇంట్లో అడగడం అలవాటైన గొంతు బయట వణకదు.