దేశాల మధ్య సంగతులు మన వాడకెందుకు?

(మదనపల్లెలో జరిగిన హాస్టల్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. పుంగనూరు, కుప్పం హాస్టళ్ల నుంచి కూడా విద్యార్థులు వచ్చారు.)



పీజీలో ఏం చదవాలో చెప్పమని నన్ను పిలిచారు. బీఈడీ గురించి, గ్రూప్స్ గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది ఉన్నారు. నేను చదివింది అంతర్జాతీయ సంబంధాలు. దేశాలకూ దేశాలకూ మధ్య నడిచే వ్యవహారం. యుద్ధం, సంధి, సరిహద్దు, భద్రత. ఈ చదువులో సీటొచ్చిందని చెప్పినరోజు పుంగనూరులో మా మేనమామ అడిగినాడు: "ఒరే, మన వాడకు ఒక కొళాయి తెప్పించుకోలేకపోతిమి. అమెరికా రష్యా సంగతి మనకెందుకురా?" అక్కడున్న అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అది మంచి ప్రశ్న. ఈ పొద్దు దానికి జవాబు చెప్పడానికే వచ్చాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పటికి మా పిన్నమ్మ అక్కడ ఒక ఇంట్లో పనిమనిషి. నాకు పన్నెండేళ్లు. మా వాడలో రేడియో ఉన్నది ఒక్క ఇంట్లోనే. వార్తల వేళకు అందరం ఆ ఇంటి ముందు కూర్చునేవాళ్లం. సద్దాం, బుష్, ఐక్యరాజ్యసమితి, ఈ పేర్లన్నీ నేను మొదట విన్నది మా అవ్వ నోట. ఆమెకు సంతకం రాదు. భద్రతామండలి అన్న మాట విని, "ఆ మండలమోళ్లు ఈ పొద్దు ఏమన్నారురా?" అని అడిగేది, మన మండలాఫీసు సంగతి అడిగినట్టు. రెండు నెలలకు పిన్నమ్మ వచ్చింది. బస్సుల్లో, ఎడారి గుడారాల్లో పడి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి, బొంబాయి నుంచి రైల్లో. ఆ ఏడాది లక్షకు పైగా భారతీయులను అట్లా వెనక్కి తెచ్చారు. ఆమె చేతిలో ఒక సంచి. జీతం బాబా దగ్గర ఉండిపోయింది. పోవడానికి చేసిన అప్పు మాత్రం మా దగ్గర ఉండిపోయింది.

చూడండి, నేను పీజీలో చేరకముందే అంతర్జాతీయ సంబంధాలు ప్రామిసరీ నోటు రూపంలో మా ఇంటికి వచ్చి కూర్చున్నాయి. ఈ హాలులో ఎంతమంది అమ్మలు, అక్కలు ఇప్పుడు కువైట్‌లో, సౌదీలో ఉన్నారో చేతులెత్తమని నేను అడగను. మీకు తెలుసు.

కుప్పం పిల్లల సంగతి ఇంకా పాతది. కుప్పానికి దగ్గరలోనే కోలారు బంగారు గనులు. 1880ల్లో ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ అక్కడ తవ్వకం చేపట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు ప్రాంతం నుంచి మన వాళ్లు వేలల్లో పోయి ఆ గనుల్లో దిగినారు. కొన్ని చోట్ల మూడు కిలోమీటర్లకు పైగా లోతు. బంగారం లండన్ దారి పట్టింది, దుమ్ము మన తాతల ఊపిరితిత్తుల్లో నిలబడింది. 2001 ఫిబ్రవరిలో గనులు మూసేశారు. సామ్రాజ్యవాదం మీద పుస్తకాలు రాసినవాళ్లు లండన్‌లో ఉంటే ఉన్నారు, దాన్ని మోసినవాళ్లు కుప్పం రైలుకట్ట పక్కన ఉన్నారు.

సరిహద్దు అంటే ఏమిటో కూడా కుప్పం పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకపక్క తమిళనాడు, ఒకపక్క కర్ణాటక. మనం పిల్లనిస్తాం, పిల్లను తెచ్చుకుంటాం, కూలికి పోతాం. కానీ కుల సర్టిఫికెట్ మాత్రం గీత దాటదు. 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది: ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ రిజర్వేషన్ హక్కు ఉండదు, అదే పేరు ఆ రాష్ట్ర జాబితాలో ఉన్నా సరే. రిజర్వేషన్ గీత దగ్గర ఆగిపోతుంది. మరి అంటరానితనం ఆగుతుందా? అది ఏ చెక్‌పోస్టు దగ్గరా ఆగదు. సరిహద్దు ఎవరిని ఆపుతుంది, దేన్ని దాటనిస్తుంది అన్నది ఈ చదువులో మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న మీ ఊళ్లో పుట్టిందే.

ఇక క్లాసులో ఏం చెబుతారు? రాజ్యాల బలం గురించిన సిద్ధాంతాలు, అంతర్జాతీయ చట్టం, ఐక్యరాజ్యసమితి, భారత విదేశాంగ విధానం, సంఘర్షణ, శాంతి, భద్రత. కొన్ని ప్రాంతాల మీద ప్రత్యేక అధ్యయనం. ఢిల్లీ సప్రూ హౌస్‌లో 1955లో ఈ చదువుకు ఒక పెద్ద సంస్థ పెట్టారు, 1970లో అది జేఎన్‌యూలో కలిసింది. మనకు దగ్గరగా తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయనానికి ఒక కేంద్రమే వచ్చింది. ఇంత దగ్గరలో ఇలాంటిది ఒకటి ఉందని మన హాస్టళ్లలో ఎందరికి తెలుసు?

క్లాసులో కౌటిల్యుడు వస్తాడు. పొరుగు రాజు శత్రువు, వాడి పొరుగువాడు మిత్రుడు అనే మండల సిద్ధాంతం చెబుతారు. భారతీయ దౌత్యనీతికి మూలపురుషుడంటారు. చదవండి, తప్పక చదవండి. కానీ మొత్తం చదవండి. అదే అర్థశాస్త్రంలో పట్టణం ఎట్లా కట్టాలో చెబుతూ, చండాలుర ఇళ్లు శ్మశానం అంచున ఉండాలన్నాడు. రాజ్యభద్రత గీసిన చేత్తోనే వాడను ఊరవతల గీసినాడు. మొదటిది సిలబస్‌లో ఉంది, రెండోది లేదు. సిలబస్ ఎవరు రాసినారో అక్కడే తెలుస్తుంది.

మనకు పనికొచ్చే మాటలు కూడా ఆ చదువులోనే ఉన్నాయి. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో ఒక వ్యాసం రాశాడు. తుపాకీ పేలకపోతే శాంతి ఉన్నట్టు కాదు, వ్యవస్థ నిర్మాణమే మనుషుల ఆయుష్షును, బతుకును కోసేస్తుంటే అదీ హింసే అన్నాడు. 1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక భద్రతను సైన్యం లెక్కనుంచి తప్పించి మనిషి లెక్కలోకి తెచ్చింది. తిండి, ఆరోగ్యం, సంపాదన, ఒంటిమీద దెబ్బ పడకుండా ఉండడం, ఇవన్నీ భద్రతేనన్నది. ఆ నివేదిక వెనుక ఉన్న మహబూబ్ ఉల్ హక్ పాకిస్తాన్ ఆర్థికవేత్త. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. అంతకు ముందు ఆ ఊళ్లు ప్రశాంతంగా ఉండేవని అనేవాళ్లున్నారు. ఆ ప్రశాంతత ఏ పునాది మీద నిలబడిందో చెప్పడానికి గాల్టుంగ్ మాట మనకు అక్కరకొస్తుంది.

అసలు ఈ దేశంలో సంఘర్షణను, భద్రతను మొదట శాస్త్రంగా చదివినవాళ్లలో బాబాసాహెబ్ ఉన్నాడు. 1940లో పాకిస్తాన్ సమస్య మీద ఆయన పుస్తకం రాశాడు. ఆవేశాలు పక్కనపెట్టి రక్షణ ఖర్చు ఎంత, ఆదాయం ఎంత, సైన్యంలో ఏ ప్రాంతం వాళ్లు ఎంతమంది అని లెక్కలు తీశాడు. ఆయన తండ్రి సైన్యంలో పనిచేసినవాడు. మహర్లు యుద్ధానికి పనికిరారని బ్రిటిష్‌వాళ్లు 1890ల్లో సైన్యం తలుపులు మూసేస్తే, 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడేదాకా ఆయన వదల్లేదు. 1951లో మంత్రిపదవికి రాజీనామా చేసినప్పుడు హిందూ కోడ్ బిల్లు ఒక్కటే కారణమని మనకు చెబుతారు. ఆ ప్రకటనలో విదేశాంగ విధానం కూడా ఒక కారణంగా ఉంది. ఏటా వచ్చే 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతోందని, పొరుగు దేశాలతో మన విధానం వల్లే ఈ భారమని ఆయన లెక్క చెప్పాడు.

మామా, నీ కొళాయి ఎక్కడుందో ఇప్పుడు అర్థమైందా? ఢిల్లీలో ఎవరితో తగువు, ఎవరితో చెలిమి అని తేలేచోట బడ్జెట్ తేలుతుంది. బడ్జెట్ తేలేచోట కొళాయి తేలుతుంది. వాడవాడు ఆ గదిలో లేకపోతే వాడకు నీళ్లు లేవు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

1946లో భారతదేశం దక్షిణాఫ్రికా మీద ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసింది, అక్కడి భారతీయులను జాతి పేరుతో అవమానిస్తున్నారని. దక్షిణాఫ్రికా ఏమన్నది? ఇది మా ఇంటి విషయం, మీరెవరు అడగడానికి అన్నది. మనిషిని మనిషిగా చూడకపోవడం ఇంటి విషయం కాదని మనవాళ్లు వాదించారు, గెలిచారు. సరిగ్గా అదే ఏడాది అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. మీ నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ ప్రతి పంపండి, మా అంటరానివాళ్లం కూడా ఆ దారి ఆలోచిస్తున్నాం అని దాని సారాంశం. డుబాయిస్ సానుభూతితో జవాబిచ్చాడు.

యాభై ఐదేళ్లు గడిచాయి. 2001లో అదే దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ సదస్సు. దళితులు వందలమంది పోయి కులాన్ని చర్చకు పెట్టమన్నారు. ఈసారి ఇది మా ఇంటి విషయం అన్నది ఎవరు? భారత ప్రభుత్వం. కులం జాతి కాదు గనక ఇక్కడ మాట్లాడకూడదన్నది. 1965 నాటి జాతివివక్ష వ్యతిరేక ఒడంబడికలో "వంశం" అన్న మాట చేర్పించింది భారత ప్రతినిధులే. ఆ మాట కిందికి కులం వస్తుందని ఆ ఒడంబడిక కమిటీ 1996లోనే చెప్పింది, 2002లో మళ్లీ తేల్చి చెప్పింది.

డర్బన్ జరుగుతున్నప్పుడు నేను పీజీ క్లాసులో ఉన్నాను. దీని మీదే డిసర్టేషన్ రాస్తానని మా సారు దగ్గరికి పోయాను. ఆయన పేరు, విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. కాగితం చూసి నవ్వి, "ఇది సోషియాలజీ. పక్క డిపార్టుమెంటుకు పో. ఇక్కడ సీరియస్ సబ్జెక్టులు చూసుకో" అన్నాడు. అప్పటికి పోఖ్రాన్ అయ్యింది, కార్గిల్ అయ్యింది. అణ్వాయుధాల మీద రాస్తే ఎవరూ నవ్వరు. నేను అణ్వాయుధాల మీద రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ బైండింగ్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని నేను ఎవరికీ చూపించను. అందులో తప్పేమీ లేదు, నేను లేను. భయపడి ఇచ్చేసిన చోటు అది. దాన్ని మీలో ఎవరైనా తిరిగి తీసుకోవాలనే ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నాను.

మన వాళ్లు ఈ దారిలో పోలేదా అంటే పోయినారు. కేరళలో పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ లండన్‌లో చదివి 1949లో విదేశాంగ సర్వీసులో చేరాడు. చైనాలో, అమెరికాలో రాయబారి అయ్యాడు. 1997లో రాష్ట్రపతి అయ్యాడు. కానీ ఒక్కడి ఫోటో గోడకు తగిలించి మిగతావాళ్లకు తలుపు మూసే పద్ధతి మనకు తెలుసు. మనకు ఫోటో వద్దు, వరస కావాలి.

ఇప్పుడు పని మాట. డిగ్రీలో మీరు బీఏనే చదవాలని లేదు. చాలాచోట్ల ఏ డిగ్రీ ఉన్నా ఈ పీజీకి పోవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా సీయూఈటీ పీజీ పరీక్ష ద్వారా తీసుకుంటారు. ఇంగ్లీషుకు భయపడొద్దు. రోజూ ఇంగ్లీషు పేపర్లో అంతర్జాతీయ పేజీ ఒక్కటి, పక్కన డిక్షనరీ. మొదటి నెల ఏడుపొస్తుంది, ఆరో నెలకు ఎడిటోరియల్‌తో పోట్లాడతారు. ఇంకో భాష పట్టండి. మీ అమ్మ కువైట్ వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ ఉంది చూడండి, దాన్ని పుస్తకంలో పెట్టి నేర్చుకుంటే అది ఢిల్లీ పిల్లలకు లేని ఆస్తి.

విదేశంలో చదవడానికి ఎస్సీలకు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. 1950ల నుంచీ ఉంది. అయితే 2022లో నిబంధన మార్చారు. భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదవడానికి ఆ డబ్బు ఇవ్వమన్నారు. అంటే విదేశానికి పో, కులం గురించి మాత్రం అక్కడ చదవకు అని. మా సారు నవ్వుతూ చెప్పింది, సర్కారు సర్క్యులర్‌లో చెప్పింది.

ఉద్యోగం? ఉంది. విదేశాంగ సర్వీసు, నెట్ రాసి లెక్చరర్, పత్రికలు, వలస కార్మికుల కోసం పనిచేసే సంస్థలు, న్యాయవాద వృత్తి. గ్యారంటీ ఉందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. కానీ ఒకటి చెబుతాను. పది పాస్ కాని మన అక్కల పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర వేస్తారు. ముప్పై ఏళ్లు నిండనిదే ఇంటిపనికి పోకూడదంటారు. ఆ రూలు ఆమెను కాపాడుతోందా, ఏజెంటు చేతిలో దొంగకాగితంతో పెడుతోందా? దీన్ని రాయాల్సింది ఎవరు? ఎయిర్‌పోర్టులో ఆమెను సాగనంపి, సంచి మోసి, బయట అద్దం దగ్గర నిలబడి ఏడ్చిన పిల్లలు రాయాలి.

ప్రతి హాస్టల్లో ఆదివారం ఒక గంట కూర్చోండి. ఆ వారం ప్రపంచంలో జరిగిన ఒక్క సంగతి తీసుకుని రెండే ప్రశ్నలు వేయండి. ఎవరి భద్రత? ఎవరి ఖర్చు మీద? మదనపల్లె టమోటా మార్కెట్‌లో క్రేట్లు మోసే అమ్మ కూడా ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలదు. ముందు ఆమెను అడగండి. తర్వాత పుస్తకం తెరవండి.

జై భీమ్.