కలిమా చదివిన మరునాడు

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



దేవుడి ప్రస్తావనే లేని ఇంట్లో పెరిగిన బిడ్డ ఇరవై ఏళ్ళు దాటాక కఠిన నియమాలున్న ధర్మాన్ని ఎందుకు ఎంచుకుంటుంది? 'ఎవరో మాయమాటలు చెప్పారు' అంటుంది లోకం. 'సత్యం తెలిసింది, వచ్చేశారు' అంటాం మనం. రెండు జవాబులూ తేలికైనవే. ఆ మనిషి మనసులోకి తొంగిచూసే ఓపిక రెంటికీ లేదు.

1934లో న్యూయార్క్ రాష్ట్రంలో, మతాచరణ పెద్దగా లేని యూదు కుటుంబంలో మార్గరెట్ మార్కస్ జన్మించారు. 1961లో ఇస్లాం స్వీకరించి మర్యమ్ జమీలా అయ్యారు. మౌలానా మౌదూదీతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, 1962లో లాహోర్ చేరుకున్నారు. 2012లో అక్కడే కన్నుమూశారు. పాశ్చాత్య నాగరికతను విమర్శిస్తూ ఎన్నో గ్రంథాలు రాశారు. సౌకర్యాలు ఆమెకు పుట్టింట్లోనే ఉన్నాయి. కాలంతోపాటు మారిపోని మంచిచెడ్డల కొలబద్ద కోసం ఆమె అంత దూరం వెళ్ళారు.

ఇది ఇస్లాంకే పరిమితమైన విషయం కాదు. 1967 యుద్ధం తరువాతి సంవత్సరాలలో లౌకిక కుటుంబాలకు చెందిన యూదు యువతీయువకులు ఎందరో సనాతన యూదాచారాల వైపు మళ్ళారు. వారి కోసం జెరూసలేంలో ప్రత్యేక విద్యాలయాలే వెలిశాయి. అమెరికాలో అలా మళ్ళిన మహిళలపై సామాజిక శాస్త్రవేత్త లిన్ డేవిడ్‌మన్ 1991లో ఒక గ్రంథం వెలువరించారు. స్థిరమైన కుటుంబ జీవితం వారిని ఆకర్షించిన వాటిలో ముఖ్యమైనదని ఆమె గమనించారు.

'నీ ఇష్టం' అనే మాట ఇరవై ఏళ్ళ వయసులో స్వేచ్ఛగా వినిపిస్తుంది, ఒంటరితనంగానూ వినిపిస్తుంది. నమాజు ఆ మనిషికి ఒక వేళను, ఒక వరుసను, పక్కన నిలబడే తోడును ఇస్తుంది.

ఈ ఎంపిక రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు. కేరళ యువతి హాదియా వివాహాన్ని 2017లో హైకోర్టు రద్దు చేసింది. ఆ తీర్పును 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. విశ్వాసం, వివాహం వయోజనుల సొంత నిర్ణయాలని స్పష్టం చేసింది. ఈ హక్కు కోసం మనం గట్టిగా నిలబడాలి.

అయితే, కలిమా చదివిన రోజు ఆలింగనాలు చేసుకుంటాం, ఫోటోలు దిగుతాం. మరి మరునాడు? మొదటి రంజాన్‌లో అద్దె గదిలో ఒంటరిగా ఇఫ్తార్ చేసేవారు, పండుగనాడు ఎవరింటికి వెళ్ళాలో తెలియనివారు మన మధ్యనే ఉన్నారు. మనం ఇవ్వని తోడు వారికి మరెక్కడో దొరుకుతుంది. 'అమ్మానాన్నలతో తెగతెంపులు చేసుకో' అనే కరకు గొంతు అక్కడే వినిపిస్తుంది.

అది ఇస్లాం చెప్పే మాట కాదు. తల్లిదండ్రులు షిర్క్‌కు ఒత్తిడి చేసినా, ఆ ఒక్క విషయంలో తప్ప వారితో ఉత్తమంగా మెలగాలని లుఖ్మాన్ సూరా 15వ ఆయత్ ఆదేశిస్తోంది. బహుదైవారాధకురాలైన తల్లి తన వద్దకు వచ్చినప్పుడు హజ్రత్ అస్మా (రజి) సలహా అడిగారు. ఆమెతో బంధం నిలుపుకోమనే దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

బిడ్డ ధర్మం మారిందన్న బాధకంటే బిడ్డే దూరమైపోయిందన్న భయం కన్నవారిని ఎక్కువగా కుంగదీస్తుంది. ఆ భయాన్ని తీర్చగలిగేది మనమే. ప్రతి మస్జిదు పరిధిలోనూ కొత్తగా వచ్చినవారికి ఒక కుటుంబం తోడుగా నిలవాలి. ఇఫ్తార్‌కు పిలవాలి, నిదానంగా నేర్పాలి. కన్నవారింటి గడప వరకు వెంట వెళ్ళి దిగబెట్టి రావాలి.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.