డికెంబే ముటోంబో: ఒక ప్రధానోపాధ్యాయుని కుమారుని కథ

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పొట్ట చేత పట్టుకొని షోలాపూరు చేరిన మన నేత కుటుంబాల వారు, తమ బిడ్డలకు తెలుగు అక్షరం దూరం కారాదని ఈ పాఠశాలను నిలబెట్టుకొని డెబ్బై అయిదేళ్లయింది. ఈ శుభ సందర్భంలో క్రీడలను గురించి నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆదేశించారు. ఏమి చెప్పాలా అని ఆలోచిస్తుండగా, బీడీలు చుట్టి సంసారం నెట్టుకొస్తున్న ఒక తల్లి మా ఇంటికి వచ్చి అడిగిన ప్రశ్న నా మనసును పట్టుకొన్నది. "సారూ, నా బిడ్డను ఈ బడిలనే ఉంచాల్నా, ఇంగ్లీషు బడికి మార్చాల్నా? తెలుగుల చదివితే రేపు నలుగుట్ల మాట్లాడగల్గుతదా?" అని ఆమె అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈనాటి నా ప్రసంగమే ఆమెకు నా జవాబు.

ఆ భయం నాకు కొత్తది కాదు. ఈ బడి నుండి కళాశాలకు వెళ్లిన మొదటి సంవత్సరమంతా నేను తరగతిలో నోరు విప్పలేదు. నా ఇంగ్లీషు ఉచ్చారణ విని పక్క బల్లలవారు నవ్వినప్పుడు చదువు మానివేద్దామని కూడా తలచాను. నన్ను ఆనాడు నిలిపినది ఆటస్థలం. అక్కడ మరాఠీ కుర్రవాళ్లకూ నాకూ నడుమ బంతియే భాష. అందుచేతనే ఒక బాస్కెట్‌బాల్ క్రీడాకారుని జీవితం నాకు ఎంతో ఆత్మీయంగా తోచింది. ఆయన పేరు డికెంబే ముటోంబో.

ముటోంబో 1966 జూన్ 25న ఆఫ్రికా ఖండంలోని కాంగో రాజధానిలో జన్మించాడు. ఆ నగరమే నేటి కిన్షాసా. తండ్రి పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. ఇంటి భాష త్షిలూబా, వీధి భాష లింగాలా, బడి భాష ఫ్రెంచి. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, సినిమాహాలులో హిందీ వింటూ పెరిగే మన పిల్లలకు ఈ పరిస్థితి విడమరచి చెప్పనక్కరలేదు. చిన్ననాట అతనికి ఫుట్‌బాల్ ఇష్టం. బాస్కెట్‌బాల్ చేతబట్టింది దాదాపు పదహారేళ్ల వయస్సులో. తరువాత అతడు ఏడడుగుల రెండంగుళాల ఎత్తు పెరిగాడు.

1987లో, ఇరవై ఒక్క ఏళ్ల వయస్సులో, అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ ఇచ్చిన విద్యార్థి వేతనంపై వాషింగ్టన్‌లోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అతడు వెళ్లింది ఆటకు కాదు, వైద్యవిద్యకు. డాక్టరై స్వదేశానికి తిరిగి రావాలన్నది అతని సంకల్పం. అప్పటికి అతనికి ఇంగ్లీషు రాదు. చిన్నపిల్లవానివలె మొదటి పాఠం నుండి ఆరంభించాడు. అతని ఎత్తు చూచిన జాన్ థామ్సన్ అనే సుప్రసిద్ధ శిక్షకుడు విశ్వవిద్యాలయ జట్టులోకి పిలిచాడు. 1989లో ఒక్క ఆటలో ప్రత్యర్థులు బుట్టవైపు వేసిన బంతులను పన్నెండుసార్లు అడ్డుకొని అందరినీ ఆశ్చర్యపరిచాడు. ఆట వైపు మళ్లిన దారిలో వైద్యవిద్య చేజారింది గాని చదువు చేజారలేదు. 1991లో భాషాశాస్త్రం, దౌత్యశాస్త్రం ముఖ్య విషయాలుగా పట్టభద్రుడైనాడు. ఇరవై ఒకటవ ఏట ఇంగ్లీషు అక్షరాలు దిద్దినవాడు నాలుగేళ్లలో భాషాశాస్త్రం చదివి పట్టా పుచ్చుకొన్నాడు! ఆఫ్రికా భాషలు అయిదు, ఐరోపా భాషలు నాలుగు అతడు మాట్లాడేవాడు.

అదే సంవత్సరం ఎన్.బి.ఏ. అనే అమెరికా వృత్తి క్రీడాకారుల సంఘపు ఎంపికలో డెన్వర్ జట్టు అతనిని నాలుగవ స్థానంలో తీసుకొన్నది. 1994లో జరిగిన సంఘటనను క్రీడాభిమానులు నేటికీ చెప్పుకొంటారు. ఆ ఏడు అరవై మూడు ఆటలు గెలిచి తమ విభాగంలో అగ్రస్థానాన నిలిచిన సియాటిల్ జట్టుతో, ఎనిమిదవ స్థానంలో ఉన్న డెన్వర్ తలపడింది. అయిదు ఆటల పోటీలో మొదటి రెండూ డెన్వర్ ఓడిపోయింది. ఆ తరువాతి మూడూ గెలిచింది. ఎనిమిదవ స్థానపు జట్టు మొదటి స్థానపు జట్టును ఓడించడం అదే ప్రథమం. ఆ అయిదు ఆటలలో ముటోంబో ముప్ఫై ఒక్కసార్లు బంతిని అడ్డుకొన్నాడు. చివరి ఆట ముగిసినప్పుడు బంతిని రెండు చేతులా పట్టుకొని నేలపై వెల్లకిల పడుకొని నవ్విన అతని చిత్రం ప్రపంచమంతటా ప్రచురితమైనది.

పద్దెనిమిది సంవత్సరాలు అతడు ఆ దేశంలో ఆడాడు. డెన్వర్, అట్లాంటా, ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ, న్యూయార్క్, హ్యూస్టన్: ఆరు జట్లు, ఆరు కొత్త ఊళ్లు. నాలుగుసార్లు ఉత్తమ రక్షణ క్రీడాకారునిగా ఎన్నికైనాడు. మొత్తం 3,289 సార్లు బంతిని అడ్డుకొని ఆ లెక్కలో ద్వితీయ స్థానం పొందాడు. ప్రథముడు కూడా ఆఫ్రికావాడే, నైజీరియాలో పుట్టిన హకీమ్ ఒలాజువాన్. బంతిని తోసివేసిన ప్రతిసారీ చూపుడువేలు అడ్డంగా ఆడించి "నా ఇంట్లోకి రావద్దు" అన్నట్లు నవ్వడం ముటోంబో అలవాటు. ప్రత్యర్థి ముఖం మీద అలా వేలు ఆడించరాదని సంఘం నియమం పెట్టగా, అతడు ప్రేక్షకుల వైపు తిరిగి ఆడించడం మొదలుపెట్టాడు. 2009లో, నలభై రెండేళ్ల వయస్సులో, మోకాలి గాయంతో ఆట విరమించాడు.

అయ్యలారా, అమ్మలారా! ఈ ఘనతలన్నీ విని మన పిల్లలందరినీ అమెరికా క్రీడాకారులను చేద్దామని నేననడం లేదు. ఆ సంఘంలో ఉన్నవి ముప్ఫై జట్లు. ఒక్కొక్క జట్టుకు మామూలుగా పదిహేను మంది. అంటే ప్రపంచం మొత్తానికి సుమారు నాలుగు వందల యాభై ఉద్యోగాలు. మన దేశంలోని పంజాబు పల్లెలో పుట్టిన సత్నామ్ సింగ్ 2015లో డల్లాస్ జట్టు ఎంపికలో పేరు తెచ్చుకొన్న తొలి భారతీయుడైనాడు గాని, ఆ సంఘపు ప్రధాన పోటీలలో ఒక్క ఆటయినా ఆడే అవకాశం అతనికి దక్కలేదు. కాబట్టి ఆట పిల్లలకు అవసరమే గాని, చదువు మాని ఆటను నమ్ముకొమ్మని చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను మీ ముందు పెట్టదలచినది ముటోంబో సంపాదన కాదు, ఆ సంపాదనతో అతడు చేసిన పని. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు వచ్చిన తన దేశపు మహిళల జట్టుకు దుస్తులకూ ఖర్చులకూ తానే డబ్బిచ్చాడు. కల్లోల దినాలలో, కర్ఫ్యూ కారణంగా ఆసుపత్రికి చేరలేక అతని తల్లి కన్నుమూసింది. డాక్టరు కావాలనుకొని కాలేకపోయిన కుమారునికి అంతకు మించిన దుఃఖమేమున్నది? తన సొంత ధనం సుమారు కోటిన్నర డాలర్లు వెచ్చించి, మిగిలినది నలుగురినీ అడిగి పోగుచేసి, కిన్షాసాలో మూడు వందల పడకల ఆసుపత్రి కట్టించాడు. దానికి తల్లి పేరు, బియాంబా మేరీ ముటోంబో అని పెట్టాడు. 2007లో అది రోగులకు తలుపులు తెరిచింది. తరువాత ఎంబుజీ-మాయీ పట్టణం చెంత, ప్రధానోపాధ్యాయుడైన తండ్రి పేర, పిల్లలకు జీతం లేని పాఠశాల కట్టించాడు. 2024 సెప్టెంబరు 30న మెదడు క్యాన్సరుతో, యాభై ఎనిమిదేళ్ల వయస్సులో మరణించాడు. డాక్టరు కాలేదు, కాని తల్లి పేర వైద్యాలయం, తండ్రి పేర విద్యాలయం మిగిల్చి వెళ్లాడు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. అమ్మా, ముటోంబో చదివింది మాతృభాషలో కాదు, ఫ్రెంచిలో. ఆ సంగతి దాచి మీకు నీతి చెప్పను. అయితే అతని బడి భాష ఇంగ్లీషు కూడా కాదు. ఒక భాషలో చదువు గట్టిపడినవానికి మరొక భాష ఇరవై ఒకటవ ఏటనైనా లొంగుతుందని అతని జీవితం రుజువు చేసింది. ఇంట్లో మాట్లాడే భాషను మరచిపోవడం అందుకు చెల్లించవలసిన మూల్యం కాదనీ రుజువు చేసింది. నీ బిడ్డను ఎక్కడ చదివించాలో నిర్ణయం నీది. కాని తెలుగు ఇంగ్లీషుకు అడ్డు వస్తుందన్న భయంతో మాత్రం మార్చవద్దు.

అయితే భయం పోగొట్టవలసిన బాధ్యత ఆమె ఒక్కతెది కాదు, మనది. కనుక పాలకవర్గానికి నా విన్నపం: ఇంగ్లీషు చక్కగా మాట్లాడించి నేర్పగల ఉపాధ్యాయులను నియమించండి. దినానికి ఒక్క పీరియడైనా పిల్లలను మైదానంలోకి పంపండి. పరీక్షలు దగ్గరపడినాయని ఆ పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించవద్దు. పూర్వ విద్యార్థులకు నా విన్నపం: ముటోంబోవలె ఆసుపత్రులు కట్టలేము గాని, రెండు బాస్కెట్‌బాల్ కంబాలు పాతించగలము. ఆ ఖర్చులో మొదటి భాగంగా నా ఒక నెల పింఛను ఈ సభలోనే ప్రధానోపాధ్యాయుల వారికి సమర్పిస్తున్నాను.

ఈ బడి శతవసంతాలు చూడాలని ఆకాంక్షిస్తున్నాను.