ఎదురుచూపుల ఏడాది కూడా అల్లాహ్ అమానతే




సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌ను స్తుతిస్తూ, అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై దరూద్, సలాం పంపుతూ, ఈ జుమా రోజున మన బిడ్డల గురించి కొన్ని మాటలు చెప్పుకుందాం.

ఇంటర్‌లో బైపీసీ పూర్తిచేసి, నీట్‌లో సీటు రాక, లాంగ్‌టర్మ్ పేరుతో మరో ఏడాది, రెండేళ్లు పుస్తకాల ముందు కూర్చున్న యువతీ యువకులు నేడు మన ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. వైద్యవిద్య మన జిల్లాల గడపకే వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్గొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మొదలైంది. బీబీనగర్‌లో ఎయిమ్స్ వెలిసింది. అయితే లెక్క కూడా తెలుసుకోవాలి. 2024లో దేశమంతటా నీట్ రాసినవారు 23 లక్షలకు పైగా. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం పైన. అంటే ఇరవై మందికి ఒక్క సీటు. కష్టపడి చదివిన బిడ్డలలో కూడా ఎక్కువమందికి సీటు దొరకదు. అప్పుడు ఆ ఏళ్ల నుంచి వారి చేతిలో మిగిలేది ఏమిటి? ఈ రోజు మన ముందున్న ప్రశ్న ఇదే.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని గుర్తుచేసుకుందాం. ఆయన ఈజిప్టు విడిచి, ప్రాణభయంతో మద్యన్ చేరారు. ఇల్లు లేదు, పని లేదు, తెలిసినవారు లేరు. బావి దగ్గర ఇద్దరు స్త్రీలు తమ పశువులను ఆపుకుంటూ ఒక పక్కగా నిలబడి ఉన్నారు. ఆయన వారి పశువులకు నీళ్లు తోడిపెట్టారు. ఆ తర్వాతే నీడకు వెళ్లి, తన అవసరాన్ని ప్రభువుకు విన్నవించుకున్నారు. ముందు సేవ, పిదప దుఆ! ఆ స్త్రీల తండ్రి ఆయనకు ఎనిమిదేళ్ల పని ఒప్పజెప్పారు, ఇష్టమైతే పదేళ్లు. ప్రవక్తగా ఎన్నిక కాబోయే మనిషి అన్నేళ్లు కొలువు చేశారు. ఆ ఏళ్లను వృథా అని ఏ విశ్వాసీ అనడు. మన ప్రవక్త (స) కూడా మక్కావాసుల గొర్రెలు కాచారని హదీసులలో ఉంది.

ప్రియమైన యువకులారా! చదువు ఆపమని మేము చెప్పడం లేదు. దినానికి ఒక్క గంట, లేదా వారానికి ఒక పూట ఇవ్వమంటున్నాం. చేయవలసిన పని మన చుట్టూనే ఉంది. క్షయ రోగి కనీసం ఆరు నెలలు మందు మానకూడదు. కాస్త నయం కాగానే మానేసేవారు ఎందరో. ఆరోగ్య కేంద్రంలో పేరు చెప్పి, ఒక్క రోగి ఆరు నెలల మాత్రలకు తోడుగా నిలబడండి. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వికలాంగ ధ్రువపత్రం కోసం, పింఛను కోసం వారిని కార్యాలయానికి తీసుకువెళ్లే చేయి కావాలి. పాలమూరు నుంచి తల్లిదండ్రులు వలసపోతే అవ్వ దగ్గర మిగిలిన పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పేవారు కావాలి. జిల్లా ఆసుపత్రిలో ఉర్దూ తప్ప మరో భాష రాని వృద్ధురాలి బాధను డాక్టరుకు తెలుగులో చెప్పే గొంతు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్నవారు రక్తం ఇవ్వవచ్చు.

ఒక్క జాగ్రత్త. నాలుగు పుస్తకాలు చదివామని సూది వేయడం, మందు పేరు చెప్పడం మన పని కాదు. అది హాని. తోడు ఉండటం, చీటీ చదివిపెట్టడం, నీళ్లు అందించడం మన పని.

ఇది దానమే కాదు, ఆత్మపరీక్ష కూడా. రోగి పక్కన గంటసేపు ఓపికగా కూర్చోలేనివారు, తాము కోరేది వైద్యాన్నా, డాక్టరు అనే పేరునా అని తమ నియ్యత్‌ను ప్రశ్నించుకోవాలి. సేవ మీద మనసు నిలిచినవారికి నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ చదువులు ఓటమిగా కనిపించవు. అదే బాటలో మరో ద్వారంగా కనిపిస్తాయి.

ఇక తల్లిదండ్రులారా! ఆటో నడిపి, ప్లాటు అమ్మి ఫీజు కట్టిన మీ కష్టం అల్లాహ్‌కు తెలుసు. కానీ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న బిడ్డను ప్రతిపూటా మార్కుల గురించి నిలదీయకండి. నిరాశతో ప్రాణమే తీసుకున్న పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఎన్నేళ్లు ప్రయత్నించాలో ముందే కూర్చొని మాట్లాడుకోండి. అప్పుచేసి హద్దు దాటకండి. ఆడబిడ్డకు ఒక్కసారి సీటు రాలేదని తొందరపడి నికాహ్ కుదర్చకండి. మదీనా మస్జిదులో గుడారం వేసి గాయపడినవారికి సేవచేసిన రుఫైదా (రజియల్లాహు అన్హా) మన చరిత్రలోని మహిళే.

మస్జిదు కమిటీ పెద్దలకూ ఒక మనవి. అసర్ నుంచి మగ్రిబ్ వరకు మస్జిదులో ఒక గదిని ఈ బిడ్డలకు ఇవ్వండి. వారు చదువుకుంటారు, చిన్నవారికి చదువు చెబుతారు. ఏ ఇంట్లో రోగికి తోడు కావాలో ఆ కబురు అక్కడికే చేర్చండి.

సోదరులారా! సీటు దొరికినా, దొరకకపోయినా, యౌవనాన్ని దేనిలో గడిపావని ప్రళయదినాన ప్రతి ఒక్కరినీ అడగడం తప్పదు. ఆ రోజు ర్యాంకు కార్డు చూపలేకపోయినా, ఒక రోగి చేయి పట్టుకున్నామని చెప్పగలిగితే చాలు.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, హలాల్ ఉపాధిని, ఓర్పును ప్రసాదించుగాక! వారి నిరీక్షణను ప్రజలకు మేలుగా మలచుగాక! ఆమీన్.