కుర్చీ ఖాళీ అయితే ఎవరిని అడగాలి?

(టేక్మాల్‌లో మహిళా సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం ‘స్త్రీల సమస్యలు’ అనే జాబితాలో సాధారణంగా కనిపించదు. సారా, వరకట్నం, కూలి రేట్లు, గృహహింస - వీటి మీద మనకు సంఘాలున్నాయి, నినాదాలున్నాయి, కొన్ని విజయాలు కూడా ఉన్నాయి. కానీ మండల విద్యాధికారి వేరేచోటికి పోతేనో, బడి పెద్దసారు పట్నం దగ్గరికి బదిలీ చేయించుకుంటేనో అది ఆఫీసు వాళ్ళ గొడవ అనుకుంటాం. అది మన గొడవ కూడా ఎలా అవుతుందో చెప్పాలని నా ప్రయత్నం.

ఉమ్మడి మెదక్ జిల్లా ఊళ్ళలో పరిశోధన కోసం తిరిగినప్పుడు, అధికారులూ హెడ్మాస్టర్లూ వెళ్ళిపోయినప్పుడు ఊరు రెండు రకాలుగా స్పందించడం చూశాను. మంచివాళ్ళు పోతే శాలువా, పూలదండ, పిల్లల ఏడుపు. పట్టించుకోనివాళ్ళు పోతే ‘పీడ పోయింది’ అనే మాట. ఇంకా కోపం వస్తే బడి గేటుకు తాళం, రోడ్డు మీద ధర్నా. ఈ రెండింటిలో సామాన్యమైన విషయం ఒకటుంది. రెండూ మనిషి గురించే. ఆ మనిషి కూర్చున్న కుర్చీ గురించి, ఆ కుర్చీ మనకు బాకీపడ్డ పనుల గురించి ఎవరూ మాట్లాడరు.

ఇందులో మళ్ళీ ఆడా మగా తేడా ఉంది. మగ అధికారి వెళ్ళిపోతే ‘పెద్ద పోస్టుకు పోయిండు’ అంటారు. అదే స్త్రీ అయితే ‘ఆడామె గదా, ఈడేం ఉంటది’ అంటారు. ఇద్దరూ ఒకే ఫారం నింపి, ఒకే కౌన్సెలింగులో, ఒకే నిబంధన కింద వెళ్తారు. అయినా ఒకరిది ఎదుగుదల, ఇంకొకరిది పలాయనం. ఈ మాట మన నోటి నుంచి కూడా వస్తోంది కాబట్టి ముందు దీన్ని కొంచెం విప్పి చూద్దాం.

వాళ్ళు ఎందుకు వెళ్ళిపోవాలనుకుంటారు? జవాబు మీ మండలం సరిహద్దుల్లోనే ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు టేక్మాల్ మెదక్ జిల్లాలో ఉంది, పక్కనున్న జోగిపేట సంగారెడ్డి జిల్లాలోకి పోయింది. మీ అసెంబ్లీ నియోజకవర్గం అందోలు. అంటే మీరు ఓటేసే నియోజకవర్గం కొంత ఒక జిల్లాలో, కొంత ఇంకో జిల్లాలో ఉంది. ఉద్యోగి కళ్ళతో చూస్తే ఈ గీత చాలా పెద్దది. గీతకు అవతల హైదరాబాదుకు ఆనుకొని ఉన్న జిల్లా ఉంది. 2021లో అమలైన వేతన సవరణ ప్రకారం ఇంటి అద్దె భత్యం హైదరాబాదులో 24 శాతం, చిన్న ఊళ్ళలో 11 శాతం. మారుమూల ఊళ్ళో పనిచేసేవాళ్ళకు ప్రభుత్వమే తక్కువ ఇస్తూ, వాళ్ళు అక్కడే ఉండాలని ఉపన్యాసం చెప్తోంది. పిల్లల కాలేజీలు, ముసలి తల్లిదండ్రుల ఆస్పత్రులు అన్నీ పట్నంలో పెట్టి, మనుషులు పట్నం వైపు చూస్తున్నారని తప్పు పట్టడం న్యాయమా?

ఇక 317 జీవో సంగతి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచాలని 2021 డిసెంబరులో ఈ జీవో ఇచ్చారు. సీనియారిటీ ప్రకారం పంపకం జరిగింది. పైనున్నవాళ్ళకు కోరుకున్న జిల్లా దొరికింది, కిందున్నవాళ్ళకు మిగిలిన జిల్లా దొరికింది. భార్య ఒక జిల్లాలో, భర్త ఇంకో జిల్లాలో మిగిలిపోయిన కుటుంబాలు ఎన్నో. 2023 జనవరిలో హైదరాబాదులో పాఠశాల విద్యాశాఖ కార్యాలయం దగ్గర టీచర్లు చంటిపిల్లల్ని ఎత్తుకొని ధర్నా చేస్తే పోలీసులు వాళ్ళను వ్యాన్లెక్కించారు. బదిలీ కోరుకునే స్త్రీని ‘సుఖం కోసం పాకులాడుతోంది’ అని అనే ముందు ఆ దృశ్యాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ మాటకొస్తే, బదిలీ నిబంధనలు కూడా స్త్రీని ఎవరో ఒకరి భార్యగానే చూస్తాయి. భర్త ఉద్యోగం ఉన్న చోటికి వెళ్తానంటే పాయింట్లున్నాయి. భర్త వదిలేసి, కోర్టు కాగితం ఏదీ చేతిలో లేకుండా ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న స్త్రీకి ఏ పాయింటూ లేదు. ముసలి తల్లిని చూసుకోవడానికి ఊరు మారాలనుకునే కూతురికీ లేదు. స్త్రీ చేసే సంరక్షణ పనిని రాజ్యం గుర్తించేది అది వివాహం అనే చట్రంలో ఉన్నప్పుడే అన్నమాట.

కాబట్టి వెళ్ళిపోవాలనుకోవడం నేరం కాదు. అది కూడా ఒక ఉద్యోగి హక్కే. అయితే ఇక్కడ ఆగిపోతే మనం ఉద్యోగ సంఘం వాళ్ళం అవుతాం గానీ ఊరి స్త్రీలం కాము. ఆమె వెళ్ళిన తర్వాత ఇక్కడ ఏం జరుగుతుంది? అసలు ప్రశ్న అది.

మండల విద్యాధికారి కుర్చీ తీసుకోండి. తెలంగాణ మండలాల్లో ఏళ్ళ తరబడి ఈ కుర్చీలో పూర్తిస్థాయి అధికారులు చాలా కొద్దిమందే. మిగతావాళ్ళంతా ఇన్‌చార్జిలే. దీనికి కారణం ఎవరో పైరవీ చేసుకొని పోవడం కాదు. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు, పంచాయతీరాజ్ పాఠశాలల ఉపాధ్యాయులకు ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలా వద్దా అనే వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. 2017లో దీనికోసం రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించారు. 2018లో హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. ఆ పదోన్నతులు ఆగిపోయాయి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఒక్కొక్కరికి రెండు మూడు మండలాలు అప్పజెప్పిన కాలమూ ఉంది. 2024లో చాలా మండలాల్లో ఒక సీనియర్ హెడ్మాస్టరుకు అదనపు బాధ్యత ఇచ్చారు. అంటే ఒక మనిషిని రెండు సగాలు చేసి, సగం బడికి, సగం మండలానికి ఇచ్చారు. ఆ హెడ్మాస్టరు మండలంలో తిరిగితే ఆమె బడికి పెద్దదిక్కు ఉండదు. బడిలో ఉంటే మండలంలో ఫైళ్ళు కదలవు. పొద్దంతా రెండు చోట్లా పనిచేసి ఇంటికి పోయి వంట చేయాల్సింది కూడా ఆమే.

ఈ సగం కుర్చీ బరువు ఎవరి మీద పడుతుంది?

మొదట మధ్యాహ్న భోజనం వండే స్త్రీల మీద. వీళ్ళలో ఎక్కువమంది మన పొదుపు సంఘాల సభ్యులే. 2023లో వీళ్ళ గౌరవ వేతనాన్ని నెలకు 1,000 నుంచి 3,000 రూపాయలకు పెంచారు. సంతోషమే. కానీ కూరగాయలు, పప్పు, గుడ్లు ముందు వీళ్ళే కొనాలి. బిల్లు తర్వాత వస్తుంది. ఆ బిల్లు హెడ్మాస్టరు సంతకం నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు పోవాలి. దారిలో ఒక కుర్చీ ఖాళీ అయితే, కిరాణా దుకాణంలో బాకీ పెరిగేది ఈమె పేరు మీద. ఈ జిల్లాలోనే ఒక వంటామె నాతో అన్నది: ‘సారు పోయిండు, కొత్త సారు రాలే. పిలగాండ్లకైతే అన్నం ఆపలేం గదా, మెడల గుండ్లు కుదువబెట్టిన.’ ప్రభుత్వ పథకానికి ఆమె బంగారం పెట్టుబడి అయింది. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఈ లెక్క రాయరు.

రెండోది, ఆడపిల్లల చదువు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మెదక్ జిల్లాలో స్త్రీల అక్షరాస్యత సుమారు 51 శాతం, పురుషులది 71 శాతం. ఈ ఇరవై శాతం తేడా ఒక్కరోజులో రాలేదు. ఊరి బడి అయిపోయి పక్క ఊరి హైస్కూలుకు పోవాల్సిన మలుపులో ఆడపిల్ల ఆగిపోతుంది. ఆ మలుపులో పేర్లు చూసి ‘ఈ పిల్ల ఎటు పోయింది?’ అని అడగాల్సింది ఆ కుర్చీయే. అడిగేవాళ్ళు లేకపోతే పిల్ల పత్తి చేనుకో, పెళ్ళిపీటకో పోతుంది. 2023 డిసెంబరు 9 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితం. కానీ బస్సే రాని ఊరి పిల్లకు ఉచితం అంటే ఏమిటి? ఆ బడి వేళకు బస్సు వేయండని డిపోకు రాయాల్సిన అధికారి ఎవరు?

మూడోది, మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం. బడిలో ఆడపిల్లతో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే, తల్లి ధైర్యం చేసి వచ్చి చెప్తే, ‘కొత్త సారు వచ్చాక చూద్దాం’ అనే జవాబు మనం వింటూనే ఉన్నాం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి విషయం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది దాకా జైలుశిక్ష ఉంది. ఇందులో ఇన్‌చార్జి అని, రెగ్యులర్ అని తేడా లేదు. బదిలీ ఉత్తర్వు చేతిలో ఉన్నవాళ్ళకు మినహాయింపూ లేదు.

మరి ఊరు ఏం చేస్తోంది? 2024 జులైలో మంచిర్యాల జిల్లా జన్నారం మండలం పొనకల్‌లో జరిగిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఒక ఉపాధ్యాయుడు మూడు కిలోమీటర్ల దూరంలోని అక్కపెల్లిగూడకు బదిలీ అయితే 133 మంది పిల్లలు ఆయన వెంట ఆ బడిలో చేరిపోయారు. ఎంత గొప్ప ప్రేమ! చదువు చెప్పే మనిషి విలువ తెలిసిన తల్లిదండ్రులు వాళ్ళు. నేను వాళ్ళను తప్పుపట్టను. కానీ పాత బడిలో మిగిలిన పిల్లల గురించి ఆలోచించండి. రోజూ మూడు కిలోమీటర్లు పంపలేని తల్లి ఎవరు? పొద్దున్నే కూలికి పోయే తల్లి. దూరం అనగానే ముందు ఆగిపోయే పిల్ల ఎవరు? మగపిల్లవాడు మాత్రం కాదు. మనిషి వెంట నడవడం కొందరికే సాధ్యం. కుర్చీని నిలబెట్టుకుంటేనే అందరికీ ఉపయోగం.

చట్టం మనకు ఏమిచ్చిందో చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 26వ సెక్షను ప్రకారం ఏ బడిలోనూ మంజూరైన టీచరు పోస్టుల్లో 10 శాతానికి మించి ఖాళీలు ఉండకూడదు. టీచరుకు ఈ హద్దు ఉంది. టీచర్ల మీద పర్యవేక్షణ చేసే అధికారి కుర్చీకి ఏ హద్దూ లేదు. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నా చట్టం ఉల్లంఘన కాదు. ఇది మనం ఎత్తి చూపాల్సిన లోపం. 21వ సెక్షను బడి యాజమాన్య కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలంటుంది. 32వ సెక్షను కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పోవచ్చు.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టరు కన్వీనర్. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, మరమ్మతులు ఈ కమిటీల పని. అంటే గోడకు సున్నం వేయించే బాధ్యత మనకిచ్చారు. ఆ గోడల మధ్య ఎవరు కూర్చోవాలో, ఎప్పుడు లేచిపోవాలో అడిగే హక్కు ఇవ్వలేదు. సాధికారత అనే మాట ఎక్కడ ఆగిపోతుందో గమనించారా? ఖర్చుకు లెక్క చెప్పడం దగ్గర మనం కావాలి, నిర్ణయం దగ్గర అక్కర్లేదు.

అయితే ఇవ్వని హక్కును అడిగి తీసుకోవడం మనకు కొత్త కాదు. 1992లో దూబగుంట స్త్రీలకు సారా అంగడి మూయించే అధికారం ఎవరూ ఇవ్వలేదు. అక్షరాలు దిద్దుకోవడానికి ఒకచోట చేరారు, అడగడం మొదలుపెట్టారు. మనం కూడా కొన్ని చిన్న విషయాలతో మొదలుపెట్టవచ్చు.

ఒకటి, బదిలీ అయిన అధికారి గానీ హెడ్మాస్టరు గానీ వెళ్ళే ముందు పెండింగు పనుల జాబితా రాసి కమిటీ ముందు చదవాలి. ఏ బిల్లు ఎక్కడ ఆగింది, ఏ పిల్ల బడి మానింది, ఏ ఫిర్యాదు తేలలేదు. శాలువా కప్పే సభలోనే చదవమందాం. రెండు, కొత్తవారు వచ్చేదాకా సంతకం ఎవరిదో బోర్డు మీద రాయాలి. మూడు, వంట చేసేవాళ్ళ బిల్లు సంతకం ఖాళీ వల్ల ఆగకూడదు. నాలుగు, బదిలీలు ఎండాకాలం సెలవుల్లోనే ముగించాలి. 2024లో బడులు తెరిచిన తర్వాత జూన్, జులైలలో కూడా బదిలీలు నడిచాయి. ఐదు, మారుమూల మండలాల్లో పనిచేసే స్త్రీలకు ఉండటానికి క్వార్టరు, పసిపిల్లలకు సంరక్షణ కేంద్రం, వేళకు బస్సు అడగాలి. ఉద్యోగం చేసే స్త్రీ తరఫున ఊరి స్త్రీ ఈ డిమాండు పెడితే, ‘ఈడేం ఉంటది’ అనే మాటకు అంతకన్నా జవాబు ఉండదు.

వీటికి జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ దరఖాస్తు ఎవరి పేరు మీదా రాయనక్కర్లేదు. ‘పౌర సమాచార అధికారి’ అని హోదా రాస్తే చాలు. మనిషి మారినా ఆ హోదా 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

ఉద్యోగం చేసే స్త్రీకి తన బతుకు బాగుచేసుకునే హక్కు ఉంది. వంట చేసే స్త్రీకి తన డబ్బు వేళకు అందే హక్కు, చదువుకునే పిల్లకు అడిగే దిక్కు ఉండే హక్కు ఉన్నాయి. కుర్చీలు ఖాళీగా ఉంచి ఈ ముగ్గురినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతున్నది ప్రభుత్వం. మనం పోట్లాడాల్సింది దానితో. వచ్చే బదిలీల లోపు ప్రతి ఊరి సంఘమూ ఒక కాగితం మీద తన బడికి సంబంధించిన పెండింగు పనులు రాసి పెట్టుకోండి. చదువు రాని అక్కలు చెప్పండి, బడికి పోయే బిడ్డలతో రాయించండి. ఆ కాగితాలన్నీ కలిపి జిల్లా విద్యాధికారి ఆఫీసుకు మనమే తీసుకుపోదాం.